నిన్నటి కూర ముందు

గండిమైసమ్మ చౌరస్తా దగ్గర మూతపడుతున్న ఒక బేకరీలో, కేకులూ కూల్‌డ్రింకులూ పెట్టే గాజు తలుపు ఫ్రిజ్‌ను తొమ్మిదిన్నర వేలకు కొట్టుకొచ్చిన మనిషిని నేను. బేకరీ అతను మొదట చెప్పింది పద్దెనిమిది. ఇంత పనికిమాలిన వస్తువును ఇంత చవగ్గా కొన్నవాళ్లు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇంకొకరెవరైనా ఉంటే చూపించండి, వచ్చి దండం పెడతాను.

బేరం గంటన్నర సాగింది. తలుపు రబ్బరు వదులైందన్నాను. లోపలి లైటు మిణుకుమంటోందన్నాను. రెండుసార్లు బయటికి నడిచి వెళ్లిపోయాను. రెండోసారి స్కూటీ దాకా వెళ్లి తాళం కూడా తిప్పాను. అప్పుడు పిలిచాడు. డబ్బు చేతిలో పెట్టాక, ఐదు స్టీలు ట్రేలు కొసరు కింద వేయమన్నాను. అతను నన్ను పైనుంచి కింది దాకా చూసి, "నువ్వు దుకాణపోళ్ల బిడ్డవా అమ్మా?" అన్నాడు. అవునన్నాను, మెడలో పతకం వేయించుకున్నట్టు నిలబడి.

"ముందే జెప్తే గంటన్నర మిగిలేది గద," అన్నాడు, ట్రేలు తీసిస్తూ.

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాక తెలిసింది, అది వంటింటి గుమ్మంలో పట్టదని. గుమ్మం కొలవకుండా పోయిన తెలివి నాది. హాల్లో, భోజనం బల్లకు ఎదురుగా పెట్టించాను. స్విచ్ వేయగానే తెల్లటి లైటు వెలిగింది, పైన ఏదో నారింజ రసం బొమ్మ మెరిసింది. లోపల మెట్లు మెట్లుగా మా ఇంటి కూర గిన్నెలు. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు, ఏది పెడితే అది తింటాడు, మాట తక్కువ. ఆ రోజు మాత్రం దాన్ని చాలాసేపు చూసి, "బిల్లు ఎవరికియ్యాలె?" అని అడిగాడు.

అంత పెద్ద ఫ్రిజ్ ఎందుకో చెప్పాలంటే మా నాయిన దుకాణం దగ్గరికి వెళ్లాలి. మేడ్చల్‌లో కిరాణా కొట్టు. అక్కడ ఒకటే చట్టం: పాతది ముందు. కొత్త సరుకు దిగితే పాత బిస్కెట్ ప్యాకెట్లు ముందు వరసకు వస్తాయి, కొత్తవి వెనక్కి పోతాయి. అక్షరాలు రాకముందే నాకు ఈ పని వచ్చు. ముందు వరసలో కూడా అమ్ముడుపోనిది ఇంటికి వస్తుంది. ముక్కలైన బిస్కెట్లు, మెత్తబడ్డ అటుకులు, పురుగు జల్లించిన రవ్వ. బాగున్నది గిరాకీకి, బాగోలేనిది మాకు. మా ఇంట్లో కొత్త ప్యాకెట్ విప్పినవాళ్లు పొరపాటున విప్పారే తప్ప తెలిసి విప్పలేదు.

ఈ చట్టమే మా వంటింట్లోకీ వచ్చింది. నిన్నటి కూర అయిపోతే గానీ ఇవాళ్టి కూర మూత తీయకూడదు. నిన్నటిది అయిపోయేసరికి ఇవాళ్టిది నిన్నటిది అవుతుంది. ఇందులోని మోసం నలభై ఏళ్లు దాటేదాకా నాకు తట్టలేదు. వడ్డీ లెక్కలు నోటితో వేసే మనిషిని నేను.

అట్లా అని నేను చెడ్డ వంటమనిషిని కాను. చెడ్డగా వండేవాళ్లంటే నాకు అసహ్యం. ఫోనులో వంటలు చేసి చూపించేవాళ్లంటే ఇంకా అసహ్యం. ఉప్పు "రుచికి సరిపడా" అంటారు. ఎంత సరిపోతుందో తెలిస్తే నీ మొహం పది నిమిషాలు ఎందుకు చూస్తాను? అయినా చూస్తాను. కొత్త వంటకం అంటే నాకు పిచ్చి. పేరు వినని కూరగాయ కనిపిస్తే, అదీ సగం ధరకు కనిపిస్తే, చేతులు దురద పెడతాయి.

అలియాబాద్ వైపు, ప్లాస్టిక్ పరదాల కింద పంట వేసే ఒక పాలీహౌస్ ఉంది. రంగురంగుల క్యాప్సికం, బ్రోకలీ, జుకినీ పండించి పెద్ద హోటళ్లకు పంపుతారు. వంకర పోయినవి, మచ్చ పడ్డవి ఒక పక్కన తట్టల్లో పడేస్తారు. గురువారం గురువారం స్కూటీ వేసుకుని వెళ్లి, పశువులకు కూడా పనికిరావని వాళ్ల చేతనే ఒప్పించి, ఆ తట్టలు తెచ్చేదాన్ని. గాజు ఫ్రిజ్ వచ్చాక తట్ట రెండు తట్టలయింది. జుకినీ అనేది రుచిలో సొరకాయకు దూరపు చుట్టం, ధరలో మాత్రం పెద్దింటి కోడలు. దాన్ని చక్రాలుగా కోసి నువ్వుల పొడి చల్లి వేయించాను. నిప్పు మీద కాల్చి పచ్చిపులుసులో పిసికాను. బ్రోకలీని అంచులు నల్లబడేదాకా వేపి పల్లీల కారం పట్టించాను. ఎర్ర క్యాప్సికం మంట మీద కాల్చి, పొట్టు తీసి, ఎండుమిర్చీ చింతపండూ వేసి రోట్లో నూరాను. పొయ్యి దగ్గర నిలబడి, గరిటెతో ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, ఊది, నాకి, కళ్లు మూసుకునే ఆ క్షణం ఉందే, అది దొరికితే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

తర్వాత గిన్నె మీద మూత పెట్టి, ఫ్రిజ్‌లో వెనక వరసలోకి నెట్టేదాన్ని. ముందు వరసలోది తీసి బల్ల మీద పెట్టేదాన్ని. జుకినీ వేయించిన రోజు మేం తిన్నది మొన్నటి బ్రోకలీ. నూరిన పచ్చడి బల్ల ఎక్కేసరికి దాని ఎరుపు గోధుమరంగయ్యేది. మా ఆయనా, ఏడో తరగతి చదివే మా బిడ్డా తలలు వంచుకుని పాతది తింటుంటే, కొత్తది గాజు వెనక నుంచి వాళ్లను చూస్తుండేది.

మా పక్కింటావిడ సంగతి ఇప్పుడు చెప్పాలి. మా కాలనీలో ఎక్కువమంది కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లే. ఆవిడ భర్త బ్యాంకులో పని. ఆవిడ దొండకాయలు పావుకిలో కొంటుంది. వంకాయలు నాలుగు. కరివేపాకు ఒక రెమ్మ. మా దుకాణంలో పావుకిలో అడిగే గిరాకీని మా నాయిన తలెత్తి చూసేవాడు కాదు, పొట్లం కట్టి పక్కకు జరిపేవాడు. మా ఇంట్లో "పావుకిలో మనుషులు" అంటే తిట్టు. పైగా ఈవిడ బేరమాడదు. బండివాడు నలభై అంటే నలభై ఇస్తుంది. దాంతో వాడు నాకూ నలభై చెబుతాడు. గల్లీ రేటంతా పాడుచేస్తున్నావు వదినా అని రెండుసార్లు మొహం మీదే చెప్పాను. "పోనీలెండి వదినగారూ, ఎండలో తిరుగుతున్నాడు," అంటుంది. అట్లాంటి మనుషులకు బుద్ధి చెప్పడం నా వల్ల కాదు.

ఆవిడ లెక్కల్లో డిగ్రీ చదివింది. వానాకాలం నుంచి మా బిడ్డ లెక్కలు చెప్పించుకోవడానికి అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఫీజు లేదు కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. వెళ్లిన రోజు ఇంటికొచ్చి ఆకలి లేదనేది. స్కూలు డబ్బా సగం నిండుగా తిరిగొచ్చేది. ఆ సగం నేను పారేయలేదు, ముందు వరసలో పెట్టాను. బిడ్డ తిండి తగ్గిందని కాదు, కూర మిగిలిందని ఆలోచించానంటే నా తెలివి ఎంతటిదో చూడండి.

పరీక్షలకు ముందు ఒక శుక్రవారం, మా బిడ్డ బల్ల మీద ఒక కాగితం పెట్టింది. హాస్టల్ ఉన్న స్కూల్లో ఎనిమిదో తరగతికి దరఖాస్తు. తను దాచుకున్న మూడు వందలు పెట్టి తనే కొన్నదట. అన్నీ నింపింది, తండ్రి సంతకం ఒక్కటే ఖాళీ. సోమవారం ఆఖరు రోజు. ఇక్కడ నీకేం తక్కువైందని అడిగాను. ఏం తక్కువ కాలేదంది. బస్సులో రోజూ రెండు గంటలు పోతున్నాయంది. అబద్ధం చెప్పేటప్పుడు అది నా మొహం చూడదు, ఫ్రిజ్ వైపు చూస్తుంది. ఆ రోజు ఫ్రిజ్‌నే చూసింది. మా ఆయన కలం తీసి, నన్నొకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం దాకా ఆగుదామన్నాడు.

ఒక్కతే బిడ్డ. వెళ్లిపోతే ఆ బల్ల దగ్గర మేమిద్దరం, ఎదురుగా ఆ గాజు తలుపు. నాకు రెండు రోజులు నిలువ నీడ లేనట్టయింది. ఇదంతా పక్కింటావిడ నూరిపోసిందేనని తీర్మానించుకున్నాను. ఆదివారం పొద్దున్నే పోటీకి దిగాను. క్యాప్సికం పచ్చడి, జుకినీ పచ్చిపులుసు, ఊదా రంగు క్యాబేజీలో పెసరపప్పు. బిడ్డ వంటింట్లోకి తొంగి చూసి, వాసన పీల్చి, "ఇవి మంగళవారానికా?" అని అడిగి, నోట్‌బుక్ ఇచ్చొస్తానని పక్కింటికి పోయింది. ఒంటిగంటయినా రాలేదు.

నేను వాళ్ల పెరటి గుమ్మంలోంచి వెళ్లాను. మా బిడ్డ పీట మీద కూర్చుని తింటోంది. కంచంలో పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు. అంతే. ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి, మూకుట్లోంచి నేరుగా కంచంలోకి వేపుడు వేస్తోంది. మా బిడ్డ ఆకలిగొన్న మనిషి తిన్నట్టు తింటోంది. అది అట్లా తినగా నేను చూసి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

"ఇంట్ల మూడు రకాలు పెట్టుకోని, ఈడ పావుకిలో దొండకాయల కోసం వచ్చినవా?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బిడ్డ తలెత్తలేదు. "ఆ మూడు నాకెప్పుడు పెడ్తవమ్మా?" అంది. కాసేపు నమిలి, "హాస్టల్ల ఏ పూటది ఆ పూటే పెడ్తరట. మంచిగ లేకున్నా వేడిగుంటదట," అంది.

బేరంలో నోరు పడిపోవడం నాకదే మొదటిసారి.

"కూర్చోండి వదినగారూ. వేపుడు చల్లారితే బాగోదు," అని ఆవిడ ఇంకో కంచం పెట్టింది. పావుకిలో మాట విననట్టే పెట్టింది. కూర్చున్నాను. సరుకులో వంక వెతకడానికే కూర్చున్నాను. ఉప్పు చూశాను, కారం చూశాను, నూనె చూశాను. ఒక ముక్క మాడింది కదా అని పట్టుకుంటే అన్నిటికంటే బాగున్నది అదే. వండినది పొయ్యి మీంచి నా అరచేతిలోకి కాక కంచంలోకి రావడం నాకు కొత్త. అప్పుడు అర్థమైంది, మా ఇంట్లో ఇన్నాళ్లూ వేడిగా తిన్నది నేనొక్కదాన్నే అని. చుక్క చుక్కగా, ఎవరూ చూడకుండా, రోజూ. మిగిలిన ఇద్దరికీ నేను అమ్ముడుపోని సరుకు పెట్టాను. మా నాయిన కనీసం తను కూడా ఆ మెత్తబడ్డ అటుకులే తినేవాడు.

ఇంటికొచ్చి ముందు వరస దించాను. తొమ్మిది గిన్నెలు. మా ఆయన బకెట్ పట్టుకున్నాడు. నేను ఒక్కో గిన్నె వాసన చూసి, ఇది ఇంకో పూట ఆగుతుందని వాదించాను. ఆయన బకెట్ పట్టుకునే నిలబడ్డాడు. అంత ఓపికగా నిలబడే గిరాకీతో ఎవరు నెగ్గుతారు? బకెట్‌ను మా వెనక వీధిలో బర్రెలున్నవాళ్ల కుడితి తొట్టిలో పోశాం. బర్రె అన్నీ తాగింది. నాలుగు రోజుల బ్రోకలీని మాత్రం మూతితో పక్కకు నెట్టింది.

ఆ సాయంత్రం ఆరున్నరకు అన్నం వార్చి, పొద్దున నూరిన పచ్చడి మూత అదే రోజు తీశాను. బిడ్డ ఒక ముద్ద తిని, "కారం ఎక్కువైంది," అంది. పదమూడేళ్లలో నా వంటకు అది వంక పెట్టడం అదే మొదలు. పాత సరుకుకు ఎవరూ వంక పెట్టరు, ఊరకే కొనకుండా పోతారు. నెయ్యి వేశాను. మళ్లీ పెట్టించుకుంది.

సోమవారం ఆ ఫారం ఇవ్వలేదు. నేను అడగలేదు, అదీ చెప్పలేదు. ఆ కాగితం వెనక వైపు బిడ్డ లెక్కలు చేసుకుంటుంటే చూశాను.

ఫ్రిజ్‌ను హైవే మీద కూల్‌డ్రింకులు పెట్టుకునే ఒకతనికి అమ్మాను. ఎనిమిది చెప్పాను. అతను తలుపు రబ్బరు వదులైందన్నాడు, లైటు మిణుకుమంటోందన్నాడు, బండి దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఐదుకు తెగింది. ట్రేలు కొసరు అడిగాడు, ఇచ్చాను.

ఇగ లెక్క. ఫ్రిజ్ తొమ్మిది వేల ఐదు వందలు. ట్రాలీ ఆటో తొమ్మిది వందలు. మధ్యలో గ్యాస్ నింపించినందుకు రెండు వేల రెండు వందలు. పద్నాలుగు నెలల కరెంటు, నెలకు ఏడు వందల చొప్పున తొమ్మిది వేల ఎనిమిది వందలు. వెరసి ఇరవై రెండు వేల నాలుగు వందలు. అమ్మితే వచ్చిన ఐదు వేలు తీసేయాలి. ఫారం డబ్బులు మూడు వందలు బిడ్డకు నేనే తిరిగి ఇచ్చాను, అవి కలపాలి. నికరంగా పోయింది పదిహేడు వేల ఏడు వందలు. బర్రె తిన్న కూరగాయలు ఇందులో రాయలేదు.

ఇంకొక పద్దు ఉంది. వానాకాలం నుంచి మా బిడ్డ పక్కింట్లో తిన్న పూటలు, వారానికి నాలుగు చొప్పున. వాటికి ఎంతివ్వాలో ఆవిడను నిజంగానే అడిగాను. ఈసారి ఎర్ర పచ్చడి నూరినప్పుడు కాస్త పంపమంది, నూరిన రోజే. పంపాను, పావుకిలో పట్టే గిన్నె.

బాకీ నూట పన్నెండు పూటలు. చెల్లు ఒక గిన్నె పచ్చడి.