గడ్డి కాదు, చోడి

పోలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని మలయాలోని బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో అందరూ అనేవారు. ఉండదా మరి? పాలకొండ పక్క పల్లెలో ఆమె ‘రైతు కోడలు’. ఆ మాట వింటే పదిమంది జరిగి చోటిచ్చేవారు. ఓడ దిగిన రోజున అది కాస్తా ‘కూలీ’ అయింది. తోట గుమాస్తా సాలమన్‌కు అదీ చాలలేదు. తెల్లారి హాజరు పిలిచేటప్పుడు ‘బైతు’ అనేవాడు, ‘మట్టి పిసుక్కునేదానా’ అనేవాడు. మట్టి పిసకడం తిట్టెప్పుడైంది? వాడు తినే అన్నం ఆకాశం నుంచి రాలిందా?

1927లో, మొగుడు పోయిన ఏడాది, ఊరి నుంచి మూటగట్టి తెచ్చి దాచుకున్న గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు, పోలమ్మ కూలీల లైను ఇళ్ళ వెనక నారు పోసి నాటింది. అవి పోతే మళ్ళీ విత్తనం లేదు. వెన్నులు తీసి పాలు పట్టాయి. ఇంకో ఇరవై రోజులాగితే గింజ గట్టిపడుతుంది.

అప్పుడు ఊడిపడ్డాడు సాలమన్, కూలీలను వెంటేసుకుని. దొర తోట చూడడానికి వస్తున్నాడట.

“ఈ గడ్డంతా కోసెయ్యండి.”

“గడ్డి కాదు బాబూ, చోడి. ఇరవై రోజులాగండి, నానే కోసేత్తాను” అంది పోలమ్మ.

“అవన్నీ నాకు తెలీదు లా” అన్నాడు సాలమన్, మలాయివాళ్ళ మాదిరి మాట చివర ‘లా’ తగిలించి. “నేను టౌనోణ్ణి. మీ బైతు తిండి ఇక్కడెందుకు? సూరిబాబూ, కొయ్యి.”

సూరిబాబు కొడవలి కింద పెట్టేశాడు. “పాలు మీదున్న ఎన్ను కొయ్యడానికి నాకు సెయ్యి రాదు బాబూ.” మిగతావాళ్ళూ కదల్లేదు.

సాలమన్‌కు ఒళ్ళు మండింది. ఆ కొడవలి అందుకుని, బూట్లతోనే మడిలోకి దిగి తనే కోత మొదలుపెట్టాడు. జుట్టు పట్టి ఈడ్చేద్దామని పోలమ్మ ముందుకురికింది. అతని చేతులు చూసి ఆగిపోయింది.

ఎడమ చేత్తో నాలుగు దుబ్బులు కలిపి పట్టి, కొడవలి కిందికి వాల్చి కోస్తున్నాడు. కోసిన గుప్పెడల్లా వెన్నులన్నీ ఒకే వైపుకు పెట్టి వరసగా పరుస్తున్నాడు. గడ్డి కోసేవాడికి ఆ వరస దేనికి? కన్నతండ్రి వెనక కోతకు వెళ్తే తప్ప రాని పని అది.

పోలమ్మకు లోపల మంట ఆరలేదు. గొంతు మాత్రం నెమ్మదిగానే వచ్చింది.

“కోత బాగుంది బాబూ. మీవోళ్ళు ఏ ఊరి రైతులు?”

సాలమన్ చెయ్యి ఆగింది. తను పరిచిన వరస కేసి చూసుకున్నాడు. బూటుకాలితో దాన్ని చిందరవందరగా తన్నాడు. మిగిలిన సగమూ కోసేశాడు, ఈసారి అడ్డదిడ్డంగా.