తెల్ల పలక మీద పసుపు

పామర్‌స్టన్ నార్త్‌లో మహేంద్ర పనిచేసే గదికి కిటికీ లేదు. గోడలకు నల్ల రంగు, పైకప్పుకు నల్ల రంగు, బల్ల మీద నల్ల గుడ్డ. తలుపు వేసుకుంటే కాసేపటి దాకా తన చేతులు కూడా తనకు కనపడవు. భూమి మీద అన్నిటికన్నా తెల్లగా ఉండే చోటికి వెళ్లే పరికరాలను అతను ఆ చీకట్లో, ఒకే ఒక్క దీపం కింద సరిచూస్తాడు. పన్నెండేళ్లుగా అదే పని.

అతనిది కదిరి. ఎండకు కరువు లేని ఊరు. చదువు కోసం ఆక్లాండ్ వచ్చి, సిటీ సెంటర్‌లో ఐదుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండి, ఈ ఉద్యోగం దొరికాక ఇటు మారాడు. అంటార్కిటికాలో మంచు తన మీద పడిన ఎండలో ఎంత తిరిగి ఆకాశానికి పంపేస్తుందో కొలిచే బృందం వాళ్లది. మంచు ఎంత పంపేస్తే నేల అంత చల్లగా ఉంటుంది. మసి పడిందా, రేణువులు కరిగి ముద్దలయిందా, ఎండను తాగడం మొదలుపెడుతుంది. ఆ తేడా పట్టుకోవడానికే వీళ్లు ఏటా అంత దూరం వెళ్తారు.

బృందంలో అందరూ వంతులవారీగా వెళ్లొచ్చారు, మహేంద్ర తప్ప. మొదట వీసా అడ్డం వచ్చింది. తర్వాత కూతురు పుట్టింది. ఒక ఏడు అన్నీ కుదిరి, వైద్య పరీక్షలో వెనక దవడ పన్ను దగ్గర ఆగిపోయింది. అక్కడ పన్ను నొప్పి వస్తే చూసే డాక్టరు ఉండడట. పన్ను పీకించుకుని వస్తే ఆ ఏటి విమానంలో చోటు నిండిపోయింది. ఈ ఆగస్టులో బృందం పెద్ద గ్రాహం అతని భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏటి జాబితాలో మొదటి పేరు నీదే" అన్నాడు. ఆ మాట ఇంటికి తీసుకెళ్లి భార్య నిరుపమకు చెప్పాడు. హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి షూ విప్పుకుంటూ ఆమె, "ఆ పన్ను మళ్లీ మొలవదు కదా?" అంది.

ఆ తర్వాత దసరా వచ్చింది. పనిముట్లకు బొట్టు పెట్టే రోజు. ఏటా ఆ రోజు మహేంద్ర, నిరుపమ కట్టిచ్చిన చిన్న పొట్లంలోంచి పసుపు, కుంకుమ తీసి, పరికరాలు వెళ్లే పెట్టెకు బయటి వైపు, మూత మూల మీద బొట్టు పెడతాడు. ఎవరికీ తెలియదు. ఆ గదిలోకి పొడి ఏదీ తేకూడదన్నది నియమం కాబట్టి ఎప్పుడూ వరండాలోనే పెట్టేవాడు. ఈసారి వరండా తుడుస్తున్నారు, కొరియర్ బండి గంట ముందే వచ్చి బయట నిలబడింది. నల్ల గదిలోనే, గ్లవ్స్ తీయకుండా, గబగబా బొట్టు పెట్టేశాడు. పెట్టాక మనసు ఊరుకోలేదు. తెల్ల పలక సరిగా కూర్చుందో లేదోనని మూత తెరిచి, బొటనవేలితో మధ్యలో ఒకసారి నొక్కి, మూసేశాడు.

ఆ పలకే అన్నిటికీ ఆధారం. దాని మీద నూరు పాళ్ల వెలుగు పడితే తొంభై తొమ్మిది తిరిగి వస్తుంది. మంచు దగ్గర పరికరం మొదట పలకను చూస్తుంది, తర్వాత మంచును చూస్తుంది. పలకతో పోల్చి మంచు ఎంతో లెక్క కడతారు. అంటే పలక చెప్పిందే మాట.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం ప్రణీత మంచు మీద నుంచి శాటిలైట్ ఫోన్ చేసింది. వరంగల్ పిల్ల, ఈ బృందంలోనే, ఈ మంచు మీదే పీహెచ్‌డీ. మూడు వారాలుగా అక్కడ డేరాలో ఉంది. అందులో చివరి ఆరు రోజులు తుఫానుకు బయటికి అడుగు పెట్టలేక, ఆమె, మంచులో దారి చూపడానికి వెంట వచ్చిన గైడ్ ఒకే డేరాలో మూసుకుని కూర్చున్నారు. ఆ ఖాళీలో, అంతకుముందు తీసిన కొలతలన్నీ వరసగా చూసుకుంది.

"అన్నా, ఈడ మంచుకు పిచ్చి లేసింది."

"ఏమైందమ్మా?"

"నూరు పడితే నూటేడు పంపిస్తున్నది. పడినదానికన్నా ఎక్కువ ఎట్ల పంపిస్తది?"

"మా అత్త మాదిరి ఉందే. ఒకటంటే ఏడు అంటాది."

"నవ్వకు అన్నా, నాకు ఏడుపొస్తున్నది. గ్రాహం ఏమంటున్నడంటే, నేను నిలబడ్డ తీరే తప్పట, పలక మీద నా నీడ పడ్డదట. ఎల్లుండి విమానం. రేపొక్క పూటే ఎండ ఉంటదట. మొత్తం పక్కన పెట్టుమంటే నా మూడేండ్ల పని ఏం కావాలె?"

గ్రాఫ్ ఫొటో పంపింది. ఎరుపు వైపు గీత ఎప్పటిలా నడిచింది. ఊదా, నీలం రంగుల దగ్గరికి రాగానే గుట్టలా లేచింది. మహేంద్ర దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నీలం వెలుగును మింగేసి పచ్చగా కనిపించే వస్తువు ఒకటి అతని వంటింట్లో ఉంది. పలక మధ్య అది అంటుకుంటే, పలక నీలాన్ని తక్కువ చూపిస్తుంది. పలక తగ్గినంత మేర మంచు పెరిగినట్టు కనిపిస్తుంది.

"పలక ఏమన్నా రంగు మారినట్టు ఉందా?" అన్నాడు.

"ఏమో అన్నా. డేరా పసుపుపచ్చది. ఇందులో మా మొఖాలే కామెర్లొచ్చినట్టున్నయ్. బయట కళ్లద్దాలు తీస్తే చూపు పోతది. ఎందుకట్ల అడిగినవ్?"

"మళ్లీ చేస్తా" అని పెట్టేశాడు.

బల్ల కింద పాత పలక ముక్క ఒకటి ఉంది. నిరుపమ ఇచ్చిన పొట్లం అతని సంచి అడుగునే ఉంది. బొటనవేలితో అద్ది, దీపం కింద పెట్టి కొలిచాడు. ప్రణీత గీతలో గుట్ట ఎక్కడుందో, సరిగ్గా అక్కడ అతని గీతలో గుంట పడింది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే పెట్టె మీద మూతలా కూర్చున్నాయి.

దీపం ఆర్పి కూర్చున్నాడు. గోడలు ఎక్కడున్నాయో తెలియడం లేదు, కానీ దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది.

అమ్మ గుర్తొచ్చింది. నాన్న తెల్ల పంచె మీద పసుపు మరక పడితే ఆమె రుద్దేది కాదు. నీళ్లలో జాడించి డాబా మీద ఆరేసేది. సాయంత్రానికి మరక ఉండేది కాదు. పసుపును ఎండ తినేస్తుంది. ఇన్నాళ్లూ పలక మూత కిందే ఉంది, కొలిచే కాసేపే తెరిచారు, అందుకే మరక మిగిలింది. "పలకను ఎండలో పెట్టు" అని ఒక్క మాట చెబితే చాలు. అక్కడ సూర్యుడు అస్తమించడు. మరక పోతుంది, రేపటి కొలత సరిగ్గా వస్తుంది, అంతకుముందువన్నీ ప్రణీత నీడ వల్ల వచ్చిన తప్పుల కిందికి పోతాయి. వచ్చే ఏటి జాబితా అలాగే ఉంటుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ గదిలో జరిగింది చూడటానికి ఇక్కడ వెలుగే లేదు.

లేచాడు. అలవాటైన తలుపు పిడి చేతికి దొరకలేదు. గోడ తడుముకుంటూ రెండుసార్లు మూలకే వెళ్లాడు. చివరికి జేబులో ఫోన్ వెలిగించాడు, ఆ వెలుగులోనే ఆమెకు ఫోన్ చేశాడు.

"ప్రణీతా, నీ నీడ కాదమ్మా అది. నా వేలు."

మొత్తం చెప్పాడు.

"అన్నా... అంటార్కిటికాకు పసుపు కుంకుమలు పంపినవా?"

"కుంకుమ పెట్టె మీదే ఉందిలే."

ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి తెలియలేదు. "ఆరు రోజుల సంది నన్ను నేను తిట్టుకుంటున్న. తెలుసా నీకు?" అంది.

"తెలుసు. ఇప్పుడు నేను చెప్పేది రాసుకో. రేపటి దాకా పలక మూత అస్సలు తియ్యొద్దు. రేపు పొద్దు బాగా పైకి వచ్చినాక, మరకతోనే ఒకసారి కొలువు. వెంటనే మంచు కరిగించిన నీళ్లు పోసి, పెట్టెలో ఉన్న సన్న గరుకు కాగితంతో మధ్యలో రుద్దు. ఆరినాక మళ్లీ కొలువు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో, పాత కొలతలన్నీ అంత తగ్గించుకోవచ్చు. రుద్దడం ముందు చేసినావంటే ఇంక ఏం చేయలేము."

ఫోన్ పెట్టేసి గ్రాహం దగ్గరికి నడిచాడు. గ్రాహం కప్పు పట్టుకుని నిలబడే విన్నాడు.

"అది తినేదేనా?"

"తింటాం. దేవుడికీ పెడతాం."

"ప్రణీతకు చెప్పావా?"

"ముందు ఆమెకే చెప్పాను."

గ్రాహం తల ఊపాడు. ఆమెకు తను క్షమాపణ చెప్పాలన్నాడు. తర్వాత కప్పులోకి చూస్తూ, "జరిగింది నువ్వే రాసివ్వాలి మహేంద్రా. అది చదివాక వచ్చే ఏటి జాబితా గురించి నేను ఎవరితోనూ వాదించలేను" అన్నాడు.

"వద్దులే" అన్నాడు మహేంద్ర. ఆ మాట తెలుగులో వచ్చింది.

మర్నాడు ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది. "తొంభై ఏడున్నర!" ఆమె కేకకు ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "పాతవన్నీ దారికొచ్చినయ్ అన్నా. మంచు మంచులెక్కనే ఉన్నది." తర్వాత, "మరి నీ సంగతి?" అంది.

"నాదేముంది. నేను ఉండేది ఇక్కడే కదా."

ఫిబ్రవరిలో పెట్టె తిరిగొచ్చింది. మూత మూల మీద కుంకుమ ఇంకా కొంచెం ఉంది. మహేంద్ర కొత్త గ్లవ్స్ తొడుక్కుని, పలకను దీపం కింద పెట్టి కొలిచాడు. ఎరుపులో తొంభై తొమ్మిది. నీలంలో తొంభై ఎనిమిదిన్నర. కంటికి ఏమీ కనపడని ఆ తెలుపులో, మధ్యన, అర పాలు మేర మరక ఇంకా మిగిలే ఉంది. పలకకు కొత్త ధ్రువపత్రం రాయాలి. వచ్చే ఏడు దాన్ని వేరెవరో మంచు మీదికి తీసుకెళ్తారు, అతను రాసిన అంకెనే నమ్ముకుంటారు.

నీలం దగ్గర తొంభై ఎనిమిదిన్నర అని రాశాడు. కారణం అన్న చోట, పసుపు అని రాశాడు. సంతకం పెట్టి, దీపం ఆర్పి, తలుపు పిడి కోసం చెయ్యి చాచాడు.