స్టీరింగ్ రాడ్డుకు చొక్కా

రాములుకు ఉన్నది ఒకటే జబ్బు, తుడవడం. చేతిలో పాత బనీను ముక్క లేకుండా ఆయనను చూసినవాళ్లు లేరు. హోటల్‌కు వెళ్తే ముందు బల్ల తుడుస్తాడు, తర్వాత గ్లాసు, ఆ తర్వాత పక్కవాడి కళ్లద్దాలు అడక్కుండానే తీసుకుని తుడుస్తాడు. ఒకసారి జగిత్యాల బస్సులో ముందు సీటు పెద్దమనిషి బట్టతల మీద సున్నం మరక చూసి ఉండబట్టలేకపోయాడు. కండక్టర్ ఇద్దరినీ దూరం దూరంగా కూర్చోబెట్టాల్సి వచ్చింది.

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసిన చేయి అది. సాంచెకు నూనె తక్కువైతే చప్పుడు, ఎక్కువైతే బట్ట మీద మరక. రాములు ఎంత చప్పుడైనా భరిస్తాడు గానీ మరకను భరించలేడు. అలాంటి మనిషికి గంభీరావుపేట దగ్గరి ప్రాజెక్టు నీళ్లలో తిరిగే పంచాయతీ మోటారు పడవను శుభ్రం చేసే పని అప్పజెప్పారు. నడిపేది వేణు.

వేణుకు అర్థం కానిదల్లా స్టీరింగ్. నిజానికి అందులో పెద్ద విద్యేమీ లేదు. చక్రం తిప్పితే కేబుల్ వెనకున్న ఇనుప రాడ్డును తోస్తుంది, రాడ్డు మోటారును తిప్పుతుంది, పడవ మళ్లుతుంది. కానీ వేణు రోజూ సాయంత్రం గ్రీజు పూసినా చక్రం రోజురోజుకూ బిగుసుకుపోతోంది. గురువారం తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. చక్రం తిరగకపోతే పడవ బంద్, వేణు కొలువు బంద్. అవతలి ఒడ్డు జనం రోడ్డు మీద చుట్టి రావడానికి పూటంతా పడుతుంది.

దుబాయ్‌లో పడవలు బాగుచేసి వచ్చిన జనార్దన్‌ను వేణు కోరుట్ల నుంచి పిలిపించాడు.

"రాడ్డును మోటరు నుంచి ఇప్పు. మోటరును చేత్తోని తిప్పి చూడు."

"అల్కగనే తిరుగుతుందన్నా."

"ఇగ చక్రం తిప్పు."

చక్రం కదలలేదు.

"మోటరు మంచిగనే ఉంది. రాడ్డు తుప్పువట్టి పట్టేసింది. గ్రీజు పెడ్తలేవా?"

"దినాం పెడుతున్న."

"ఏడుంది మరి?"

వేణు డబ్బా చూశాడు, సగం ఖాళీ. రాడ్డు చూశాడు, పెళ్లిచూపులకు తయారైనట్టు తళతళలాడుతోంది, తుప్పంతా అది దూరే గొట్టం లోపలే. చాలాసేపు ఆలోచించాడు.

"చేపలు తింటున్నయేమోనే."

వెనక కూర్చుని జనార్దన్ పానా తుడుస్తున్న రాములు తలెత్తాడు. "గా గ్రీజా? నేనే తుడుస్తున్న. ఎవలు పూస్తున్నరో తెల్వదు, దినాం పొద్దుగాల ఉంటుంది."

"కాకా, నా నౌకరి తుడిసిపెట్టినవ్ గదనే!"

 రాములు ఇందాక తుడిచిన పానానే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడే దేవవ్వ మూటతో పడవెక్కింది. ఇంట్లో బడిపిల్లల అంగీలు కుట్టి, పడవలో అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి అప్పగించే మనిషి. మూటను అలవాటుగా రాడ్డు పక్కనే పెట్టింది. నీళ్లు చిమ్మనిది ఆ మూల ఒక్కటే.

"ఆయన్నేం అనకు వేణూ. పోయిన నెల నా అంగీలకు గ్రీజంటి మూటంతా వాపస్ అచ్చింది. ఇప్పి మల్ల కుట్టిన. అప్పటి సంది నేను ఎక్కకముందే రాములన్న తుడిసి పెడుతుండు."

"నాకు చెప్తే అయిపోతుండె గద, కాకా."

"చెప్తే మూటలు ఎక్కనియ్యవనుకున్న."

 చెప్పి ఉంటే వేణు సరిగ్గా ఆ మాటే అనేవాడు.

జనార్దన్ తుప్పు గీకి, గ్రీజు నిండుగా పూశాడు. దేవవ్వ అంగీలు కుట్టగా మిగిలిన గళ్ల గుడ్డను రెండు మడతలు వేసి, రెండు కొసలకూ ఎలాస్టిక్ పెట్టి రాడ్డుకు వదులుగా తొడుగు కుట్టింది. గ్రీజు లోపల, మరక లేని బట్ట బయట. రాములు ప్రాణం కుదుటపడింది.

గురువారం ఆఫీసరు ఒంటివేలితో చక్రం తిప్పాడు. పడవ బుద్ధిగా మళ్లింది.

"ఆ రాడ్డుకు ఏంది అది?"

"అంగీ, సార్," అన్నాడు రాములు. "ఇది ఇడిస్తే తొడగనీకి ఇంకొకటి గూడ ఉంది."

ఆఫీసరు కాసేపు అయోమయంగా చూసి, సంతకం పెట్టడానికి కాగితం తీశాడు. కళ్లద్దాల కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

అవి రాములు చేతిలో ఉన్నాయి. ఒక అద్దం అయిపోయింది, రెండోది తుడుస్తున్నాడు.