రాహేలు సిస్టర్ లెక్కపెట్టిన నిమిషం

“…ముందొచ్చింది నేను గదక్కా. ఈ రక్తం కనపడలేదా నీకు?”

“కనపడిందిలేప్పా. ఇంత గట్టిగా అరుస్తాండావంటే నీ ఊపిరి బాగుండాది. చెయ్యి పైకెత్తి ఆ గుడ్డ గట్టిగా అదిమి పట్టుకో,” అంటూ రాహేలు సిస్టర్ అతన్ని దాటి వెళ్ళిపోయింది.

మదనపల్లె బస్టాండు వెనక ఇరవై పడకల ఆసుపత్రి అది. అరిచినవాడు లోకేష్, టమోటా మార్కెట్లో హమాలీ. క్రేటు మేకు అరచేతిని చీల్చింది. మూడు వారాల కిందట చేరిన నర్సు వసుధ ఆ కేకలకు దూది, కట్టుగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సిస్టర్ మాత్రం గోడవార బెంచీ మీద మాటా పలుకూ లేకుండా కూర్చున్న గురప్ప ముందు ఆగింది. పుంగనూరు పక్క రైతు. భార్య రామక్క అతని మొహం తువ్వాలుతో తుడుస్తోంది.

“ఎండదెబ్బమ్మా. పొద్దున్నుంచి వాంతులు. ఇప్పుడు కాస్త నిమ్మళంగా ఉండాడు,” అంది రామక్క.

సిస్టర్ నాడి చూస్తున్నట్టు గురప్ప మణికట్టు పట్టుకుంది. చూపు మాత్రం అతని పొట్ట మీద ఉంది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే ముప్పై ఏళ్ళుగా ఆమెది ఈ దొంగచాటు లెక్క. అసలు చిన్నప్పుడు అంకెలు నేర్చుకున్నదే అలాగ. తల్లి మిషన్ ఆసుపత్రి వరండాలు ఊడ్చడానికి పోతే, ఉబ్బసపు తమ్ముడి పక్కన కూర్చుని వాడి పొట్ట ఎగిరినప్పుడల్లా ఒక్కో అంకె చెప్పుకునేది.

లోకేష్ అరుస్తున్నాడు. ఫోను మోగుతోంది. నిమిషం పూర్తయ్యేదాకా ఆమె కదల్లేదు.

“ముప్పై ఎనిమిది.”

వసుధ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. పావుగంట కిందట గురప్ప చీటీలో శ్వాస నిమిషానికి ఇరవై, మామూలే అని రాసింది తనే. లెక్కపెట్టలేదు. కుప్పంలో చదువుకునేటప్పుడు తనూ, తోటివాళ్ళూ అలాగే రాసేవాళ్ళు.

సిస్టర్ గురప్ప కనురెప్ప ఎత్తింది. కంటిపాప ఆవగింజంత ఉంది. నోటి పక్కన చొంగ. తువ్వాలులో పురుగుమందు వాసన.

“అమ్మా, టమోటాకు మందు కొట్టేటప్పుడు మూతికి కట్టుకున్నది ఈ తువ్వాలేనా?”

“ఔ. యాల?” అంటూనే రామక్క దాన్ని మళ్ళీ అతని నోటికి ఆనించబోయింది. సిస్టర్ ఆ చెయ్యి పట్టుకుంది.

“వసుధా, ఇది ఎండదెబ్బ కాదు, ఆ మందు విషం. గ్లవుజులు వేసుకో. ముందు నోట్లో చొంగ లాగి ఆక్సిజన్ పెట్టు. తర్వాత చొక్కా కత్తిరించి ఒళ్ళంతా సబ్బుతో కడుగు. డాక్టర్ని నేను పిలుస్తా.”

గొంతు పెంచలేదు. ఒక్క మాటా రెండోసారి చెప్పలేదు. డాక్టర్ కరుణాకర్ వచ్చి విరుగుడు సూది వేసేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి నిలిచిపోయేదని ఆయన అన్నాడు. అదే బెంచీ ముందు నుంచి తను నాలుగుసార్లు నడిచిందని వసుధకు గుర్తొచ్చింది. తనకు కనపడనిది ఆమెకు ఒక్క నిమిషంలో ఎలా కనపడిందో అర్థంకాక, నరాలు తేలిన ఆ చేతుల వైపే చూస్తూ నిలబడింది. లోకేష్ కూడా చెయ్యి పైకెత్తుకునే చూస్తున్నాడు.

“నాది నిదానంగా కుట్టండిలేక్కా,” అన్నాడు.

సాయంత్రానికి గురప్ప కళ్ళు తెరిచి, మందు డబ్బా దూడకు అందకుండా పెట్టిందో లేదో రామక్కను అడిగాడు. వసుధ చీటీ తీసుకుని సిస్టర్ దగ్గరికి వెళ్ళింది.

“ఈ ఇరవై నేను లెక్కపెట్టకుండా రాసినాను సిస్టర్.”

సిస్టర్ చీటీ చూసింది.

“రేపట్నుంచి పది దినాలు నువ్వు సూదులు వెయ్యొద్దు, కట్లు కట్టొద్దు. తలుపు కాడ కూర్చుని వచ్చినోళ్ళందరి ఊపిరి లెక్కపెడతావు.”