గోడవైపు తిప్పిన కుర్చీ

మొన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో మోనోరైలు ఎక్కి, అలవాటుగా ఫోన్లో తల దూర్చి కూర్చున్నాను. వెనకసీట్లో ఎవరి ఫోన్లోంచో "ఠక్" మని ఒక చప్పుడు. క్రికెట్ చప్పుడు కాదది, గుండ్రటి కర్రకి గట్టి బంతి తగిలితే వచ్చే పొడి చప్పుడు. బేస్‌బాల్. నేను వెనక్కి తిరిగి చూడలేదు. "ఎడం పక్కకెల్లింది" అన్నాను, నాకు తెలియకుండానే. పక్కనున్న చైనా పెద్దావిడ నన్ను వింతగా చూసింది. ఆ మాట నాది కాదు. మా సూరి మావది.

సూరి మావ క్లాంగ్‌లో మా ఎదుటి ఫ్లాట్‌లో ఉండేవాడు. మాకు చుట్టమేమీ కాదు. తెలుగు కూలీలుండే సుంగై సుమున్ తోటల ఎస్టేట్‌లో పుట్టి, చిన్నవయసులోనే ఇక్కడి జపాన్‌వాళ్ళ ఫ్యాక్టరీలో చేరాడు. ఆ జపాన్ సూపర్‌వైజర్లు బ్యాట్లు, తోలు గ్లవ్‌లు తెచ్చి, షిఫ్టు అయ్యాక వెనక మైదానంలో కుర్రాళ్ళకి ఆట నేర్పారట. మా బ్లాకంతా ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ పిచ్చోళ్ళే. బేస్‌బాల్ చూసేది సూరి మావ ఒక్కడే. తర్వాత నేను. అమ్మ శని, ఆదివారాలు కూడా డ్యూటీకి వెళ్ళేది కాబట్టి నేను వాళ్ళింట్లోనే పెరిగాను. అమెరికాలో రాత్రి ఆడే ఆట మనకి పొద్దున్నే వస్తుంది. ఆయన ఫ్యాక్టరీ పోటీల్లో గెలిచిన కప్పులో ఆయన భార్య రాములత్త బట్టల క్లిప్పులు వేసుకునేది. దానికి నా ఫోన్ ఆనించి, పరోటాలాంటి రొట్టి చనాయ్ తింటూ ఆయన పేము కుర్చీలోనూ నేను నేలమీదా కూర్చుని చూసేవాళ్ళం.

నా కోపం అప్పుడే మొదలైంది. స్కూల్లో చదివేటప్పుడు ఒకసారి కార్‌పార్కులో ఆడుతూ అవుటయ్యానని బ్యాట్ విసిరేశాను. అది ఎవరిదో కారుకి తగిలింది. మావ తిట్టలేదు. ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, నన్ను కాలవ గట్టు వైపు తిప్పి కూర్చోబెట్టాడు.

"మా జట్టులో తప్పు సేసినోడిని ఇంటికి పంపీవోళ్ళం కాదు పాపా. ఈపు తిప్పి కూకోబెట్టీవోళ్ళం. ఆట ఇనొచ్చు, సూడకూడదు."

"ఎంతసేపు?" అని ఏడుస్తూ అరిచాను.

"జట్టోళ్ళొచ్చి తిప్పీదాకా. నీ అంతట నువ్వు తిరక్కూడదు."

స్టూలు కాళ్ళని మడమలతో తన్నాను. అయినా విన్నాను. వినగా వినగా చప్పుడుని బట్టి బంతి ఎటు వెళ్ళిందో తెలిసింది. కాసేపటికి మావే వచ్చి, నన్ను స్టూలుతో సహా ఎత్తి ఆటవైపు తిప్పి, గ్లవ్ చేతికిచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ కారు సంగతి ఎత్తలేదు.

నేను ఉద్యోగంలో చేరాక కూడా ఆ పొద్దుటిపూటలు మానలేదు. మా ఇద్దరికీ ప్రాణం ఏడో నంబరువాడు. వాడు బ్యాట్ పట్టుకుని వస్తున్నాడంటే రాములత్త కూడా గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. సీజన్ మొదలవబోతుండగా వాళ్ళింట్లో కూర్చునుండగానే నా ఫోన్‌కి వార్త వచ్చింది. వాడు బలం పెంచే దొంగమందు తీసుకున్నట్టు పరీక్షలో తేలింది, ఏడాదిపాటు నిషేధం. అక్కడే కూర్చుని ఎన్ని కామెంట్లు పెట్టానో నాకే తెలీదు. వాడు తిన్న మందుకి నాకెందుకు శిక్ష? ఈ ఏడాది వాడి ఆట మాకు పోయింది. వాడి పేరుతో చొక్కాలమ్ముకున్న యజమానులకి ఏమీ పోలేదు. వచ్చే ఏడాది వాడు దర్జాగా తిరిగొస్తాడు, కాంట్రాక్టు కాగితం అలాగే ఉంటుంది. ఇదీ ఒక శిక్షేనా?

"దొంగ! వాడిని మళ్ళీ ఆడనివ్వకూడదు మావా!"

"ఎంత కాలం పాపా?"

"బతికున్నంత కాలం!"

"ఆడేటి, నీ మొగుడేటే? అంత ఉడికిపోతన్నావు!" అంది రాములత్త లోపలినుంచి.

మావ నవ్వలేదు. కప్పులోని క్లిప్పులన్నీ నేలమీద గుమ్మరించి, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది ఎలగొచ్చిందో తెలుసా?"

"నువ్వు కొట్టిన దెబ్బకి. ఎన్నిసార్లు చెప్పావు మావా!"

"దానికి ముందు రాత్రి నైట్ షిఫ్టు. కళ్ళు మూతలడిపోతన్నాయి. లారీ డ్రైవరొకడు నిద్ర రాకుండా మింగే మాత్రలిచ్చినాడు. మింగినాను. బంతి పుచ్చకాయంత కనపడింది. కొట్టినాను. అందరూ నన్ను బుజాల మీద మోసినారు. నన్నెవుడూ అడగనేదు, ఎవుడూ పట్టుకోనేదు." కప్పు అంచు తుడుస్తూ అన్నాడు: "ఆడికి శిచ్చ పడింది, ఒకనాటికి తీరిపోద్ది. నాకు పడనేదు కదా, ఏటి తీరుద్ది?"

నవ్వేశాను. "అయితే నువ్వూ వాడితోపాటే ఈపు తిప్పి కూకో మావా. వాడొచ్చేదాకా చూడకు."

ఆయన లేచి, పేము కుర్చీని గోడవైపు తిప్పి కూర్చున్నాడు.

తమాషా అనుకున్నాను. మరుసటి వారమూ కుర్చీ అలాగే ఉంది. ఆ సీజనంతా నేను ఫోన్ చూస్తుంటే ఆయన క్యాలెండరు తగిలించిన గోడని చూస్తూ వినేవాడు. "ఎడం పక్కకెల్లింది. పట్టీసినాడా?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక కుర్చీ పట్టుకుని లాగాను.

"చాలు మావా! నవ్వులాటకి అన్నాను, అంతే!"

ఆయన కాళ్ళు నేలకి గట్టిగా అదిమిపెట్టాడు. "నువ్వన్నావని కాదు పాపా. ఎవుడో ఒకడు అంటాడేమోనని ఇన్నేళ్ళూ సూసినాను. ఆడు రానీ. ఇద్దరం ఒక్కపాలే తిరుగుతాం."

ఇంకొంచెం గట్టిగా లాగాల్సింది.

సీజన్ ముగిసి, ఆటలు లేని నెలల్లో, వానలు పడుతుండగా, సూరి మావ గుండెపోటుతో పోయాడు. నిషేధం అప్పటికింకా తీరలేదు.

ఏడో నంబరువాడు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ తీసుకుని రాములత్త దగ్గరికి వెళ్ళాను. ఇల్లు ఊడ్చి, తుడిచి ఉంది. పేము కుర్చీ మాత్రం గోడవైపే ఉంది.

"జట్టోళ్ళు తిప్పాలంట కదా," అంది అత్త. "నేనెప్పుడాడినాను?"

కప్పుకి ఫోన్ ఆనించాను. వాడు మైదానంలోకి రాగానే జనమంతా ఒక్కసారి కేకలేశారు, ఛీ కొట్టారు. తెరమీద కామెంట్లు పరిగెత్తుతున్నాయి: దొంగ, పో, చచ్చిపో. వెనకటి నేనైతే అందరికన్నా ముందుండేదాన్ని. లేచి, కుర్చీని మెల్లగా ఆటవైపు తిప్పాను. చాలా తేలిగ్గా తిరిగింది. "ఠక్" మని చప్పుడొచ్చినప్పుడు నేను కుర్చీనే చూస్తున్నాను.

"పట్టీసినాడా?" అని అడిగింది అత్త.

నేను చూడలేదని చెప్పాను.

నా కోపం తగ్గిందని ఎవరికీ చెప్పను, తగ్గలేదు. ఏ ఆటగాడు మందు తిని దొరికినా ఇప్పటికీ మండిపడతాను, ఫోన్ తీసి టైపు చేయడం మొదలుపెడతాను. వాణ్ణి తీసేయండి, మళ్ళీ రానివ్వకండి అని రాస్తాను. పంపేముందు ఆ గొంతు వినిపిస్తుంది, గోడవైపు నుంచి, నెమ్మదిగా: "ఎంత కాలం పాపా?"

బతికున్నంత కాలం అన్నాను ఆ రోజు. ఆయన అలాగే కూర్చున్నాడు.