పెద్దమ్మ ఎదురుచూపు

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దమ్మ ప్రభువులో నిద్రించిందక్కా" అన్నాడు. మగతలో ఉన్నాను. "పడుకోనీరా, లేపకు" అన్నాను. అవతల వాడి ఏడుపు వినబడ్డాక గానీ పెద్దమ్మ పోయిందని నాకు అర్థం కాలేదు.

ఆమె మా అమ్మకు అక్క. రావులపాలేనికి అవతల, గోదారి పాయ పక్కన మా ఊరు. పెదనాన్న పోయాక పెద్దమ్మ మా ఇంట్లోనే ఉండి నాట్లకూ కోతలకూ కూలికి వెళ్లేది. రోజూ పొద్దున్నే గుమ్మం ఊడ్చి నీళ్లు చల్లి, కాసేపు కాలువ వైపు చూస్తూ నిలబడేది. "ఎవరొస్తారు పెద్దమ్మా?" అంటే, "ప్రభువు వస్తానన్నాడు గదమ్మా" అనేది, తణుకు నుంచి చుట్టాలు బయల్దేరినట్టే.

నేను పదో తరగతిలో ఉండగా, రెండో పంట దాళ్వా నాట్ల రోజుల్లో ఒక బోధకుడు మా ఊరొచ్చాడు. ఈ పంట చేతికి రాకముందే ప్రభువు రాకడ, లోకానికి అంతం అని చెప్పాడు. మా పేటంతా ప్రార్థనల్లో కూర్చుంది. నాట్లకు వెళ్లేవాళ్లే లేరు. అమ్మ నా పుస్తకాలు మూటకట్టి అటక మీద పడేసింది. "ఇంక పరీక్షలెందుకే? ఉపవాసముండు" అంది. ఆ రోజులు నాకు కలలోలా గడిచాయి. పాటల మధ్య మబ్బుల్ని చూస్తూ కూర్చునేదాన్ని. భయంగానూ ఉండేది, ఒళ్లు తేలిపోతున్నట్టూ ఉండేది.

ఒక ఉదయం పెద్దమ్మ అటకెక్కి మూట దించింది.

"ఆయనొచ్చే వేళ ఇదేంటక్కా?" అంది అమ్మ.

"వచ్చేవాళ్లుంటే పని ఆపుకుంటామా? ఇంకా శుభ్రంగా చేసుకుంటాం గానీ. పిల్ల బళ్లో ఉంటే ఆయనకి దారి తెలీదా ఏంటి?"

"అంటే, నువ్వు నమ్మట్లేదా?"

"మీ బావని మట్టిలో పెట్టిన కాడ్నించి పోయినోళ్లు లేచే ఆ రోజు కోసమే చూస్తున్నానే. నాకంటే ఎవరికి తొందర?"



పెద్దమ్మ మంచులో నా చెయ్యి పట్టుకుని, కాలువ గట్టు మీదుగా బడిదాకా దింపింది. తర్వాత చీర పైకి దోపుకుని ఒక్కతే చేలోకి దిగింది. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అంత పెద్ద మడిలో ఒక మూల మాత్రం పచ్చబడింది. ఆమె ఇంకా వంగి నాటుతూనే ఉంది, సన్నగా పాడుకుంటూ. మర్నాడు అమ్మ కూడా వెళ్లింది. ఆ వెనక మిగతావాళ్లు.

పంట ఇంటికొచ్చింది. బోధకుడు మళ్లీ రాలేదు. పెద్దమ్మ ఎవర్నీ ఎత్తిపొడవలేదు. "తారీకు తప్పింది గానీ మాట తప్పలేదమ్మా" అని మాత్రం అంది. ఆ ఏడు నేను పరీక్ష రాశాను. ఇవాళ పిల్లలకు పాఠాలు చెబుతున్నానంటే ఆ ఉదయం వల్లే.

మొన్న ఆమెను పెదనాన్న పక్కనే, ప్రభువు వచ్చే దిక్కని తూర్పు ముఖంగా పడుకోబెట్టాం. పాట అయిపోయాక కూడా ఎవరూ కదల్లేదు. మంచు దట్టంగా పట్టి సూర్యుడెక్కడున్నాడో తెలియడం లేదు. ఏ వైపు కాస్త తెల్లగా ఉందో ఆ వైపే చూస్తూ అందరం అలా నిలబడిపోయాం.