ఏడో జీలుగు చెట్టు

ఆ ఉదయం చెట్టు దగ్గర ఉన్నవాళ్లం అయిదుగురం: కొండరెడ్ల ముసలాయన, ఆయన కోడలు, ఆమె ఇద్దరు పిల్లలు, నేను. వస్తువులు: ఒక గొడ్డలి, రెండు ఖాళీ గంపలు, నా మెడలో వేలాడుతున్న, గాలి ఒత్తిడి చూపే చిన్న బారోమీటరు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మట్టం రోజూ రాయడం నా పని. ఆ ఏడు మట్టం పడిపోతూనే ఉంది. ఎగువ వాగుల్లో నీరెంతుందో కొలిచి రమ్మని రాజమండ్రిలో నన్ను పడవెక్కించారు. కొలవాల్సిన పదకొండు వాగుల్లో తొమ్మిది ఎండిపోయాయి. పోడులో చల్లిన సామలు మొలవలేదు. ముసలాయన కొడుకు కూలి వెతుక్కుంటూ కొవ్వూరు వైపు దిగిపోయాడు. ఇంట్లో మిగిలినవాళ్లు జీలుగు చెట్లు ఒక్కొక్కటే నరికి, లోపలి మెత్తటి గుజ్జు ఎండబెట్టి, దంచి, జావ కాచుకుంటున్నారు. ఆరు అయిపోయాయి. ఏడోది మరుసటి ఏడు గెల వేసి కల్లు ఇవ్వాల్సిన చెట్టు. వేసవిలో వాళ్లకు సగం తిండి ఆ కల్లే.

ముసలాయన గొడ్డలి ఎత్తాడు. నేను బారోమీటరు చూశాను. తెల్లవారగానే వాగు ఒడ్డున నా గుడారంలో చూసినదానికంటే ముల్లు బాగా కిందికి దిగి ఉంది. ముల్లు పడితే వాన దగ్గరపడ్డట్టే.

"ఆగు తాతా! రెండు రోజుల్లో వాన పడుతుంది."

కోడలు నవ్వింది. "ముందు పొద్దెంతైందో చెప్పమను బాబూ, నీ గడియారాన్ని."

"నువ్వుండవే, చదువుకున్నోడు చెబుతున్నాడు" అని ఆయన గొడ్డలి దించాడు. వాన పడితే నేల మెత్తబడుతుంది, అడవిలో గడ్డలైనా తవ్వుకోవచ్చు.

నా దగ్గరున్న రెండు సోలల బియ్యం ఇచ్చేసి ఆ గూడెంలోనే ఉండిపోయాను. బియ్యం ఒక పూటకే అయిపోయాయి. తర్వాత మామిడి టెంకల జావ తాగారు. చిన్నపిల్లకు కడుపునొప్పి మొదలైంది. నేను కూర్చోలేకపోయాను. గంటకోసారి ముల్లు చూశాను, మధ్యలో ఆకాశం చూశాను. ముల్లు కిందనే ఉంది. మబ్బు మాత్రం లేదు.

మూడో రోజు పొద్దున గుడారానికి దిగాను. ముల్లు మళ్లీ పైకి లేచింది. అప్పుడు తెలిసింది. ఎత్తుకు వెళ్లే కొద్దీ ఆ ముల్లు పడుతుంది. కొండల ఎత్తు కొలవడానికే అది నాకిచ్చారు.

పరుగున ఎక్కివచ్చి చెప్పాను. "తప్పు నాది తాతా. వాన రాదు. నేను కొండెక్కాను, అంతే."

ఆయన చెట్టు వైపు చూశాడు. "మాకూ నరకాలని లేదుగా బాబూ. అందుకే విన్నాం."

కోడలు ఈసారి నవ్వలేదు. వెళ్లి గంపలు తెచ్చింది. చెట్టు పడింది. ఒక గంప నేను మోశాను.

సాయంత్రం పుస్తకంలో రాసుకున్నాను. గుడారానికీ చెట్టుకూ ఎత్తు తేడా, నూట నలభై అడుగులు. వాన, లేదు. ఆ ఇంటి జీలుగు మోళ్లు, ఏడు.